నాలుగో బండ

మా భువనకి మంచు కుక్క కావాలంట.
నీలి కళ్ళు, మెడ చుట్టూ ఉన్ని.
ఫోనులో తోక ఊపింది, అంతే,
కంచం ముందర పెట్టుకొని సమ్మె.

తాడిపత్రిలో. మే నెలలో.
కొళాయి తిప్పితే టీకి సరిపోయే వేడితో నీళ్ళొచ్చే వీధిలో,
పాలిష్ ఫ్యాక్టరీ రాతిపొడి
ఆరేసిన వడియాల మీద కూడా కూర్చునే ఇంట్లో.

కాంట్రాక్టరు తిమ్మారెడ్డి తెచ్చినాడు అట్లాంటిదాన్ని.
దానికొక గది, గదికొక ఏసీ.
కరెంటు పోయిన రోజు నలుగురు మనుషులు
ఐసుగడ్డల కోసం బ్రాందీ షాపుకి పరిగెత్తినారు.
జాకెట్టు కొలతలిస్తా ఆయన భార్య అనింది:
"ఆ గదిలో పుట్టేంత పుణ్యం చేసుకోలేదు నేను."

పశువుల డాక్టరు రోశన్న దగ్గరికి పోతే
బర్రె కడుపులో భుజం దాకా చెయ్యి పెట్టి ఉన్నాడు.
అట్లనే, తల తిప్పకుండా చెప్పినాడు:
"బొచ్చు చూడొద్దమ్మా, ముక్కు చూడు.
కుక్కకి మనలాగ చెమట పట్టదు, నాలుకే దాని విసనకర్ర.
చప్పిడి ముక్కుదాన్ని తెచ్చి ఈ ఎండలో రొప్పించొద్దు.
పొట్టి బొచ్చు, సన్న నడుము, పొడుగు కాళ్ళు.
నేల సెగకి పొట్ట ఎంత దూరముంటే అంత మేలు."

బర్రె ఒకసారి మూలిగింది.

"అది సరే, పగలు రెండు గంటలకి
మీ ఇంట్లో ఎవురుంటారు?"
నేను, కుట్టుమిషను, మా అత్త.
"అయితే కుక్కని పాపకి కాదు,
మీ అత్తకి చూసుకోండి."

మా అత్త ఓబులమ్మ అప్పటికే తీర్పు చెప్పేసింది:
కుక్క గడప లోపలికొస్తే
తాను గడప బయటికి పోతానని.

యాడికి దగ్గర గొర్రెల ఎర్రిస్వామి
కంబళిలో చుట్టి ఇచ్చినాడు ఒకదాన్ని.
తడిసిన జొన్నల రంగు, లెక్కపెట్టగలిగే పక్కటెముకలు.
ఏ జాతి అని అడిగినాడు మా ఆయన.
"మా కుక్క" అన్నాడు ఎర్రిస్వామి.
కాసేపాగి, "మా నాయన కుక్క" అన్నాడు.
అంతకు మించి వివరం దొరకలేదు.

భువన ఏడ్చింది. ఇది బొమ్మలాగ లేదనింది.
ఏడుస్తానే సంగటి ముద్ద పెట్టింది.
వేళ్ళ సందుల్లో మెతుకు కూడా మిగల్చలేదది.
ఏడుపు యాడికి పోయిందో తెలీలేదు.

మిషను కింద తడి గోతం పరిచినాం.
దాని మొహం కూడా చూడలేదు.
మంచం కింద దూరింది, బీరువా సందు వాసన చూసింది,
గోళెం చుట్టూ ఒక తిరుగుడు తిరిగింది.
ఒక్కో బండ మీద పొట్ట ఆనించడం, లేవడం,
ఇంకో బండ, మళ్ళీ లేవడం.
ఆఖరికి గడప నుంచి నాలుగో బండ మీద
కప్పలాగ నాలుగు కాళ్ళూ చాపి
ఒక్క నిట్టూర్పు విడిచింది.

అది మా అత్త పడుకునే చోటు.
పదకొండేళ్ళుగా నేను బిందెతో దాటుకుంటా,
దారికడ్డంగా పడుకునే మొండిదని గొణుక్కునే చోటు.

వంగి అరచెయ్యి పెట్టి చూసినాను.
మూడో బండ, దించిన పెనం.
ఐదో బండ, అంతే.
నాలుగోది మజ్జిగ కుండ అడుగు.
కింద ఏముండాదో నాకు తెలీదు.
ఇరవై ఏళ్ళుగా బండలే పాలిష్ పట్టే మా ఆయనకీ తెలీదు.

అత్త చెంబుతో వచ్చి నిలబడింది.
మేం ముగ్గురం ఊపిరి బిగబట్టినాం.
దాన్ని చూసింది. నన్ను చూసింది.
"దీనికెవురు చెప్పినారు?" అనింది.

జవాబు కోసం ఆగకుండా
చాపను మూరెడు పక్కకి లాక్కొని
సగం బండ వదిలి నడుం వాల్చింది.

ఆ పగలు, రెండు దాటినాక,
మిషను ఆపి,
ఇద్దరూ నిద్రపోయినారని ఖాయం చేసుకొని,
మిగిలిన ఆ కాస్త మూల మీద
నా మడమ ఆనించినాను.